ఖరీదైన ట్యూబ్ గిటార్ యాంప్‌ను కొనే ముందు పరీక్షించడం ఎలా?

చేతి పనితో, కొద్ది సంఖ్యలో తయారయ్యే బొటీక్ ట్యూబ్ యాంప్‌ల (వాల్వులతో గిటార్ ధ్వనిని పెంచే యాంప్లిఫయర్ల) ధర సాధారణంగా రెండు మూడు వేల డాలర్ల దగ్గర మొదలై, పేరు మోసిన తయారీదారుల విషయంలో ఐదారు వేలు కూడా దాటిపోతుంది. మంచి ధ్వని ఒక్కటే కావాలనుకుంటే అంత సొమ్ము పెట్టనక్కర లేదు. పెద్ద కంపెనీల యాంప్‌లలోనూ, యాంప్‌ల ధ్వనిని అనుకరించే డిజిటల్ మోడలర్లలోనూ అది ఇప్పుడు చవకగానే దొరుకుతోంది. అదనంగా చెల్లించే డబ్బుకు రెండు విషయాల్లో మాత్రమే ఫలితం కనిపించాలి. తీగను మీటే వేలి బలంలో కొద్దిపాటి తేడా వచ్చినా యాంప్ దాన్ని పట్టుకొని వినిపించాలి. ఇరవై ఏళ్ల తర్వాత కూడా విప్పి బాగుచేసుకునే విధంగా దాని నిర్మాణం ఉండాలి. కింద చెప్పే పరీక్షలన్నీ ఈ రెండింటినీ తేల్చుకోవడానికే.

దుకాణానికి వెళ్లే ముందే ఆ యాంప్ ఏ పాత సర్క్యూట్‌కు వారసురాలో తెలుసుకొని ఉండాలి. లేకపోతే దానిలో లేని గుణం కోసం వెతికి, ఉన్న గుణాన్ని గమనించకుండా తిరిగి వస్తాము. నేటి బొటీక్ యాంప్‌లలో చాలా భాగం నాలుగైదు మూలాల నుంచే వచ్చాయి. 1950ల చివర్లో ఫెండర్ తయారు చేసిన 5ఎఫ్6-ఏ బాస్‌మన్ సర్క్యూట్‌ను దాదాపు యథాతథంగా తీసుకొని 1962లో లండన్‌లో జిమ్ మార్షల్ బృందం జేటీఎం45ను నిర్మించింది. రాక్ సంగీతంలో మనం వినే గరుకైన మధ్యస్థాయి ధ్వని ఆ వంశానిదే. నాలుగు ఈఎల్84 ట్యూబులతో, నెగటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి ధ్వనిని అదుపు చేసే ఏర్పాటు) లేకుండా పనిచేసే వాక్స్ ఏసీ30 మరొక మూలం. దాని పై స్థాయి మెరుపు, గట్టిగా మీటినప్పుడు ధ్వని కాస్త ఒదిగి మళ్లీ ఉబికే తీరు వేరెక్కడా రావు. 1963 నుంచి వచ్చిన ఫెండర్ బ్లాక్‌ఫేస్ యాంప్‌లది శుభ్రమైన ధ్వని, తగ్గిన మధ్యస్థాయి. ఆ పునాది మీదనే అలెగ్జాండర్ డంబుల్ తన ఓవర్‌డ్రైవ్ స్పెషల్‌ను కట్టాడు. న్యూజెర్సీకి చెందిన కెన్ ఫిషర్ తయారు చేసిన ట్రెయిన్‌రెక్ ఎక్స్‌ప్రెస్‌లో మాస్టర్ వాల్యూమ్ (మొత్తం శబ్దాన్ని విడిగా తగ్గించే నాబ్) లేదు, ఛానెల్ మార్చే స్విచ్ లేదు. శుభ్రమైన ధ్వని కావాలన్నా, విరిగే (డిస్టార్ట్ అయ్యే) ధ్వని కావాలన్నా గిటార్ మీది వాల్యూమ్ నాబ్ తోనే తెచ్చుకోవాలి. ఆయన తన యాంప్‌లకు సీరియల్ నంబర్లకు బదులు స్త్రీల పేర్లు పెట్టేవాడు. ఈ ట్రెయిన్‌రెక్ వంశానికి చెందిన యాంప్‌ను, ధ్వనిని మార్చే పెడల్స్ వరుస ముందు పెట్టుకొని పరీక్షిస్తే దాని విలువ ఒక్క శాతం కూడా తెలియదు.

మీ సొంత గిటార్‌ను, మీ సొంత కేబుల్‌ను తీసుకువెళ్లండి. దుకాణం గిటార్‌తో పరీక్షిస్తే ఏ గుణం దేనిదో విడదీయలేరు. యాంప్‌ను వెలిగించాక పావుగంట సేపు వేడెక్కనిచ్చి, ఆ సమయంలో గిటార్ తగిలించకుండా నాబ్‌లన్నీ సున్నాలో ఉంచి, చెవిని స్పీకర్ దగ్గర పెట్టి వినండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి, లోతైన గుయ్ శబ్దం 50 హెర్ట్జ్‌లో వినిపిస్తే అది ట్యూబులను వేడిచేసే హీటర్ వైరింగ్ నుంచో ఎర్తింగ్ నుంచో వస్తున్నదని, అంతకు ఒక స్థాయి పైన, 100 హెర్ట్జ్‌లో వినిపిస్తే రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే భాగం) తర్వాత ఆ డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి వస్తున్నదని అనుమానించవచ్చు. గదిలో నాలుగడుగుల దూరంలో నిలబడితే వినిపించనంత గుయ్ అయితే పట్టించుకోనక్కర లేదు. తర్వాత వాల్యూమ్ నాబ్‌ను నెమ్మదిగా తిప్పండి. తిప్పుతున్నప్పుడు గరగర వినిపిస్తే దుమ్ము కావచ్చు, కానీ ఎన్నిసార్లు తిప్పినా పోకపోతే కప్లింగ్ కెపాసిటర్ (ధ్వనిని తర్వాతి దశకు పంపి డీసీని ఆపే భాగం) లోంచి డీసీ కారుతున్నదేమో చూపించుకోవాలి. చివరగా, పెన్సిల్ చివరతో ఒక్కొక్క 12ఏఎక్స్7 ట్యూబును (ముందు దశలోని చిన్న ట్యూబును) సుతారంగా తట్టండి. మొదటి ట్యూబును తట్టినప్పుడు టక్కుమని స్పీకర్‌లో వినిపించడం సహజం; గంట కొట్టినట్టు ఆ శబ్దం సాగితే ఆ ట్యూబు మార్చాలి. అది యాంప్ లోపం కాదు, కొద్ది ఖర్చుతో పోయేది. దాన్ని చూపి బేరమాడడం మాత్రం తప్పేమీ కాదు.

ఇప్పుడు అసలు పరీక్ష. టోన్ నాబ్‌లన్నీ సగంలో పెట్టి, గట్టిగా మీటితే ధ్వని కాస్త విరిగే చోటు దాకా వాల్యూమ్ పెంచండి. నాలుగైదు స్వరాలున్న ఒక కార్డును, ముఖ్యంగా సెవెన్త్ లేదా నైన్త్ కార్డును, ముందు వేలి కొసతో, తర్వాత పిక్‌తో, ఆ తర్వాత బలంగా మీటండి. శబ్దం పెరిగిందా లేదా అన్నది కాదు చూడవలసింది. ధ్వని విరిగిన తర్వాత కూడా కార్డులోని ప్రతి తీగ విడివిడిగా వినిపిస్తున్నదా, లేక అంతా కలిసి ఒక ముద్దగా మారిందా అన్నది చూడాలి. ఖరీదైన యాంప్‌కు, మామూలు యాంప్‌కు మధ్య తేడా అన్నిటికంటే స్పష్టంగా ఇక్కడే తెలుస్తుంది. ఆ తర్వాత యాంప్‌ను ముట్టుకోకుండా గిటార్ వాల్యూమ్‌ను పది నుంచి ఏడుకు, ఏడు నుంచి నాలుగుకు దించుతూ అదే కార్డు వాయించండి. మంచి యాంప్‌లో విరుపు క్రమంగా తగ్గుతూ శుభ్రమైన ధ్వని బయటపడుతుంది, ఎక్కడా జీవం పోయినట్టు ఉండదు. అయితే గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు పై స్థాయి మొద్దుబారడానికి గిటార్ లోపలి వైరింగ్ కూడా కారణం కావచ్చు. ఆ నేరాన్ని యాంప్ మీద మోపే ముందు అదే గిటార్‌ను మరొక యాంప్‌లో విని చూడండి.

మూడో తీగ మీద పన్నెండో ఫ్రెట్‌లో ఒక్క స్వరాన్ని మీటి, పూర్తిగా అణగిపోయే దాకా వదలకుండా వినండి. స్వరం సన్నబడుతూ శుభ్రంగా ఆగిపోవాలి. చివరి భాగంలో స్వరానికి సంబంధం లేని చిటపట చేరితే స్పీకర్‌ను నడిపే పవర్ ట్యూబుల బయాస్ (ధ్వని లేనప్పుడు ట్యూబులో పారే కరెంటును నిర్ణయించే అమరిక) మరీ చల్లగా, అంటే తక్కువగా ఉన్నదని ఒక సూచన. అసలు స్వరం కింద, శ్రుతికి దూరంగా మరొక బేసుర స్వరం నీడలా వినిపిస్తే ఫిల్టర్ కెపాసిటర్లు చాలడం లేదని అర్థం. అమెరికాలో 60 హెర్ట్జ్ కరెంటుకు చాలిన ఫిల్టరింగ్, మన 50 హెర్ట్జ్‌కు కొంత తక్కువ పడుతుంది కాబట్టి, అక్కడ ఈ నీడ స్వరం వినిపించని యాంప్‌లో కూడా ఇక్కడ అది వినిపించవచ్చు. గిటార్ మీద కర్ణాటక సంగీతం వాయించేవారు ఈ పరీక్షను అసలు వదలకూడదు. తీగను లాగి గమకం పలికిస్తున్నప్పుడు అసలు స్వరం పైకి వెళ్తూ ఉంటే నీడ స్వరం దానితో శ్రుతి కలవకుండా వేరుగా కదలడం వినిపిస్తుంది, రాగం అక్కడే చెడుతుంది.

శక్తి విషయంలో చాలామంది మోసపోతారు. 15 వాట్ల యాంప్‌కూ 30 వాట్ల యాంప్‌కూ మధ్య తేడా 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపు అనిపించాలంటే శక్తి పది రెట్లు కావాలి. ఒక వాట్‌కు మీటరు దూరంలో 100 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్‌తో 20 వాట్లు కలిపితే 113 డెసిబెల్స్ వస్తాయి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవారికి ఆ 20 వాట్లలో పదో వంతు కూడా ఎక్కువే. కాబట్టి దుకాణం గదిలో ఎంత గొప్పగా మోగిందో చూసి నిర్ణయించకుండా, ఇంట్లో మీరు నిజంగా వాయించే స్థాయికి తగ్గించి మళ్లీ వినండి. వాల్యూమ్ ఐదు దాటితే గానీ ప్రాణం రాని యాంప్ మీ ఫ్లాట్‌లో ఎప్పటికీ ప్రాణం పోసుకోదు. అటువంటప్పుడు రియాక్టివ్ అటెన్యుయేటర్ (యాంప్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టి శబ్దాన్ని తగ్గించే పరికరం) ధరను కూడా లెక్కలో కలుపుకోవాలి, లేదా ఐదు వాట్ల యాంప్‌ను చూసుకోవాలి. రెండు యాంప్‌లను పోల్చేటప్పుడు ఫోన్‌లోని సౌండ్ మీటర్‌తో రెండింటి శబ్దాన్ని సమానం చేయండి, ఎందుకంటే కొంచెం పెద్దగా మోగేదే మంచిదని చెవి ఎప్పుడూ పొరబడుతుంది.

స్పీకర్ పై స్థాయి ధ్వనిని సూటిగా ముందుకు పంపుతుంది. నేల మీద పెట్టిన కాంబో (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది) ముందు నిలబడితే ఆ ధ్వని మోకాళ్లకు తగిలి పోతుంది, చెవికి చేరేది మెత్తని ధ్వని. అందువల్ల కూర్చొని, స్పీకర్ ఎత్తులో చెవి పెట్టి ఒకసారి, మూడు మీటర్ల దూరంలో పక్కగా నిలబడి ఒకసారి వినాలి. వీలైతే మీకు బాగా తెలిసిన స్పీకర్ క్యాబినెట్‌కు తగిలించి చూడండి. నచ్చని ధ్వని చాలాసార్లు స్పీకర్‌దే అవుతుంది, దాన్ని మార్చడం తేలిక. ఓమ్స్ విలువ సరిపోల్చుకోవడం, స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్‌ను ఎన్నడూ నడపకపోవడం తప్పనిసరి; అలా నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు.

చాసిస్ (సర్క్యూట్‌ను బిగించిన లోహపు పెట్టె) లోపలి భాగాన్ని అమ్మేవారి టెక్నీషియన్ చేత తెరిపించి చూడండి, మీరు తెరవవద్దు. ప్లగ్ పీకిన తర్వాత కూడా కెపాసిటర్లలో నాలుగు వందల వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాంతకం. చేతితో వైరింగ్ చేశారు అన్నంత మాత్రాన నాణ్యత వచ్చేయదు. మందమైన సర్క్యూట్ బోర్డు మీద, ట్యూబ్ సాకెట్లను నేరుగా చాసిస్‌కు బిగించి కట్టిన యాంప్, వంకరటింకరగా చేతితో వైరింగ్ చేసిన టరెట్ బోర్డు కంటే ఎన్నో రెట్లు మేలు. టంకాలు మెరుస్తూ ఉన్నాయా, హీటర్ వైర్లు ఒకదానితో ఒకటి మెలివేసి మూలగా తీసుకువెళ్లారా, ట్రాన్స్‌ఫార్మర్లు గట్టిగా బిగించి ఉన్నాయా అన్నవి చూడాలి. వాడిన యాంప్ అయితే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల వయసు అడగండి. పదిహేను, ఇరవై ఏళ్లు దాటితే వాటిని మార్చే ఖర్చు ధరలోంచి తగ్గాలి. డంబుల్ తన సర్క్యూట్‌ను ఎవరూ నకలు చేయకుండా ఎపాక్సీతో కప్పేవాడు. ఆయన యాంప్‌లకు చెల్లిన ఆ పద్ధతిని అనుసరించి ఇతరులు కప్పిన యాంప్‌ను మాత్రం నేను కొనమని చెప్పను. లోపల ఒక రెసిస్టర్ పోతే దాన్ని చేరుకునే దారి ఉండదు. సర్క్యూట్ పటం ఇస్తారా అని అడగడం, ఇవ్వనంటే కారణం అడగడం కొనుగోలుదారు హక్కు.

బయాస్ అంకెలను నోటి మాటగా కాకుండా మీటర్‌లో చూడండి. ఫిక్స్‌డ్ బయాస్ (బయాస్‌ను విడి వోల్టేజీతో అమర్చే) యాంప్‌లో పవర్ ట్యూబ్ భరించగల గరిష్ఠ శక్తిలో 70 శాతం దాకా పెట్టడం సాధారణ పద్ధతి. 30 వాట్ల గరిష్ఠ పరిమితి ఉన్న 6ఎల్6జీసీకి అది 21 వాట్లు. ప్లేట్ వోల్టేజీ 450 అయితే ఒక్కొక్క ట్యూబుకు దాదాపు 47 మిల్లీ ఆంపియర్లు అవుతుంది. ఏసీ30 తరహా క్యాథోడ్ బయాస్ (బయాస్ దానంతటదే ఏర్పడే) యాంప్‌లు దాదాపు పూర్తి పరిమితికి దగ్గరగా నడుస్తాయి, అందులో తప్పు లేదు, ట్యూబులు త్వరగా అరిగిపోతాయంతే.

అమెరికాలోని బంధువుల ద్వారా యాంప్ తెప్పించుకునేవారు ఇక్కడ కాస్త ఆగాలి. అక్కడి యాంప్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌కు తయారైనది. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కు 230 వోల్టుల ట్యాప్ (ఆ వోల్టేజీకి తగిన కనెక్షన్) ఉన్నదా అని తయారీదారును ముందే అడగాలి. ఉంటే వైర్లు మార్చి, ఫ్యూజును దాదాపు సగం విలువకు దించితే సరిపోతుంది. లేకపోతే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, యాంప్ లాగే శక్తికి కనీసం రెట్టింపు సామర్థ్యం ఉన్నది. అది వోల్టులను తగ్గిస్తుంది గానీ హెర్ట్జ్‌ను మార్చదు. 60 హెర్ట్జ్‌కు మాత్రమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ 50 దగ్గర మరింత వేడెక్కుతుంది, గంటసేపు నడిపి చేతితో తాకి చూడాలి. రెండు పిన్నుల చవక కన్వర్టర్ల జోలికి అసలు పోకూడదు. ఎర్త్ లేకుండా నడిపితే గిటార్ తీగలు యాంప్ చాసిస్‌తోనే కలిసి ఉంటాయి కాబట్టి, మైకును పెదవి తాకిన క్షణంలో షాక్ కొట్టే ప్రమాదం ఉంటుంది. మీ ఇంటి సాకెట్‌లో వోల్టేజీని రాత్రీ పగలూ కొలవండి. 250కి చేరితే 230కి చుట్టిన యాంప్‌లో 6.3 వోల్టుల హీటర్ 6.85 అవుతుంది, అది అనుమతించే పరిమితి అంచు. అలాంటి చోట మంచి స్టెబిలైజర్ వాడాలి. బరువు సంగతీ ఉంది. రెండు స్పీకర్ల ట్విన్ రివర్బ్ తరహా కాంబో 29 కిలోలు తూగుతుంది, విమానంలో ఎక్కువ టికెట్లకు అనుమతించే 23 కిలోలు దాటిపోతుంది. తెచ్చుకునేది హెడ్ (స్పీకర్ లేని యాంప్) అయితే నయం. ట్యూబులను తీసి, ఏది ఏ సాకెట్‌దో గుర్తు పెట్టి విడిగా చుట్టాలి.

ట్యూబుల లభ్యత కూడా ముందే చూసుకోవలసిన విషయం. ఈఎల్34, 6ఎల్6, ఈఎల్84, 12ఏఎక్స్7 లాంటివి ఇప్పటికీ స్లొవేకియా, రష్యా, చైనాల్లోని కొద్ది కర్మాగారాల్లో తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు. అరుదైన పాత ట్యూబులతో మాత్రమే బాగుంటుందని చెప్పే యాంప్‌ను వదిలేయడం మంచిది. దగ్గరలో బాగుచేసేవారు ఎవరో కొనే ముందే తేల్చుకోండి. వాల్వు రేడియోల మీద చేయి తిరిగిన పాతతరం మెకానిక్ దొరికితే, సర్క్యూట్ పటం చేతిలో పెడితే అతనికి ఈ యాంప్ కొత్తదేమీ కాదు.

మొదటి రోజే డబ్బు కట్టవద్దు. అరగంట దాటితే చెవులు అలసిపోతాయి, విన్న ప్రతిదీ బాగుందనిపిస్తుంది. నచ్చిన నాబ్ స్థానాలను కాగితం మీద రాసుకొని, మరుసటి రోజు ఉదయం అవే స్థానాలతో, అదే గిటార్‌తో, అదే స్వరాన్ని మళ్లీ వినండి. వాపసు గడువు ఎన్ని రోజులు, రవాణా ఖర్చు ఎవరిది, ట్రాన్స్‌ఫార్మర్లకు వారంటీ ఎంత కాలం అన్నవి రసీదు మీద రాయించుకున్న తర్వాతనే బేరం ముగించండి.