పుస్తకంలో ఒక లెక్క, గొడౌన్‌లో ఇంకో లెక్క: తప్పు ఎక్కడ వెతకాలి?

ఒడిశాలోని పర్లాకిమిడిలో జీడిపిక్కల గొడౌన్, కాశీనగర్ వైపు కొనుగోలు కాటా, ఆంధ్రా బోర్డరు దాటితే పలాసలో పప్పు తీసే ఫ్యాక్టరీ. ఈ మూడు చోట్లా లెక్కలు చూసి జుట్టు పీక్కున్నవాణ్ణి కాబట్టి రాస్తున్నాను. ఎంఐఎస్, అంటే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్, అనగానే అందరూ సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. కానీ కాటా దగ్గర రాసే చీటీ నుంచి షావుకారు పొద్దున్నే టీ తాగుతూ చూసే కాగితం దాకా ఉన్న దారంతా ఎంఐఎస్సే. తప్పులు చాలావరకు ఆ దారి మొదట్లోనే దొరుకుతాయి, సాఫ్ట్‌వేర్ మార్చినా అవి అక్కడే ఉంటాయి.

సమస్య: స్టాకు కలవదు

పుస్తకంలో 412 బస్తాలు, లెక్కపెడితే 371 అనుకోండి. ముందుగా అనుమానం వాచ్‌మన్ మీదికే పోతుంది, పాపం. ఆయన్ని పిలిచే ముందు ఆ తేడా ఎలాంటిదో చూడండి.

ప్రతి కొనుగోలులోనూ ఇంచుమించు ఒకే నిష్పత్తిలో తేడా వస్తోందంటే అది కొలత గొడవ. పలాసలో బేరం 80 కిలోల బస్తా మీద సాగుతుంది, మన వైపు ఊళ్ల నుంచి మాత్రం చేతికి దొరికిన గోనెలో నింపి తెస్తారు, ఒక గుమస్తా కిలోల్లో రాస్తాడు, ఇంకొకాయన క్వింటాళ్లలో రాస్తాడు, రిజిస్టరులో అన్నీ కలిపి "బస్తాలు" అయిపోతాయి. ఎంట్రీ ఎప్పుడూ కిలోల్లోనే చేయించండి. బస్తాలు కావాలంటే రిపోర్టు తీసేటప్పుడు 80తో భాగిస్తే చాలు.

తేడా వచ్చి రెండు రోజుల్లో దానంతటదే సర్దుకుంటే అది లారీలో ఉన్న సరుకు. ఇక్కడ "పంపాం" అని రాసేశారు, అక్కడ "అందింది" అని మర్నాడు రాశారు, మధ్యలో ఆ సరుకు ఎవరి ఖాతాలోనూ లేదు. "దారిలో సరుకు" అని మూడో గొడౌన్ ఒకటి కాగితం మీద పెట్టండి. లారీ బయలుదేరగానే సరుకు దానిలోకి, అవతల దిగగానే దానిలోంచి బయటికి.

అలా కాకుండా తేడా రోజురోజుకీ మెల్లగా పెరుగుతుంటే అది తరుగు. పచ్చి పిక్క ఎండలో ఆరితే బరువు తగ్గుతుంది కదా, ఆ తగ్గినదాన్ని తేదీ వేసి విడిగా రాయకపోతే రిపోర్టులో ఎండకి పోయిందీ దొంగతనానికి పోయిందీ ఒకేలా కనబడతాయి.

సమస్య: ఒకే పార్టీ బాకీ మూడు చోట్ల

మనం పర్లాకిమిడి అంటాం, ఒడియా ముహరీ (గుమస్తా) పారళాఖెముండి అని రాస్తాడు, ఇంగ్లీషు బిల్లులో ఇంకో స్పెల్లింగు. మనుషుల పేర్లూ అంతే. కంప్యూటర్ మూడింటినీ ముగ్గురు మనుషులనుకుంటుంది. నేనే ఒకసారి ఒక పార్టీకి బాకీ తక్కువే ఉందని చెప్పి మళ్లీ అప్పు ఇప్పించాను, అసలు బాకీ ఇంకో రెండు పేర్ల కింద పడి ఉంది. ఆ టెన్షన్ మీకొద్దు.

పేరును పేరులాగే ఉంచి, ప్రతి పార్టీకీ ఒక కోడ్ ఇవ్వండి. జీఎస్టీ ఉన్నవాళ్లకైతే కోడ్ రెడీగా ఉన్నట్టే. ఆ 15 అక్షరాల నంబరులో మొదటి రెండూ రాష్ట్రం (ఒడిశాకి 21, ఆంధ్రాకి 37), తర్వాతి పది పాన్. ఒకే యజమానికి ఇటూ అటూ షాపులుంటే జీఎస్టీ నంబర్లు వేరైనా మధ్యలో పాన్ ఒకటే, దాని మీద కూడితే మొత్తం బాకీ తేలుతుంది. రైతులకి ఫోన్ నంబరు పెట్టండి.

సమస్య: ఏప్రిల్ కొనుగోళ్లు వేరే నెలల్లో తేలతాయి

ఏప్రిల్ 5 అనుకుని 05-04 కొడితే ఎక్సెల్ దాన్ని మే 4గా చదువుతోంది. 13వ నెల ఉండదు కాబట్టి 13 నుంచి పైతేదీలు తేదీలుగా పడక గడిలో ఎడమవైపు అతుక్కుని ఉంటాయి, అదే గుర్తు. కంప్యూటర్ రీజియన్‌ని ఇండియాకి మార్చండి, పాత తప్పులు మాత్రం చేత్తో దిద్దాల్సిందే.

సమస్య: రిపోర్టు 14 పేజీలు, ఎవరూ చదవరు

1967లోనే రస్సెల్ అకాఫ్ అనే అమెరికా మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ అన్నాడు, మేనేజర్లకు కావాల్సిన సమాచారం లేకపోవడం కంటే అక్కర్లేనిది వచ్చి మీద పడటమే పెద్ద ఇబ్బందని. అందరికీ ఒకే రిపోర్టు పంపడమే ఇక్కడ అసలు తప్పు. గొడౌన్ గుమస్తాకి ఈరోజు వచ్చిందీ పోయిందీ చాలు. ఫ్యాక్టరీ మేనేజరుకి వారానికోసారి ఏ లాటులో 80 కిలోలకి ఎంత పప్పు దిగిందో కావాలి, అదీ అన్ని లాట్లూ వద్దు, మీ పాత సీజన్ల సగటు కంటే బాగా తగ్గినవి మాత్రమే. షావుకారుకి నెలకోసారి ఏ కాటా దగ్గర కొన్న సరుకు మిగిల్చిందో, ఏది ముంచిందో ఒక్క పేజీ.

ఇంకొకటి, ప్రతి కాగితం పైన "ఫలానా తేదీ సాయంత్రం ఇన్ని గంటల వరకు" అని వేయించండి. కాశీనగర్ చీటీలు ఆ రాత్రి రాకపోతే అదీ అక్కడే రాయించండి, లేకపోతే పొద్దున్నే ఫోన్ మీకే వస్తుంది.