అరకు ఘాట్‌కు గ్రూప్ రైడ్: ఎక్కడం కన్నా దిగడానికే సిద్ధం కావాలి

నవంబరు వచ్చిందంటే విశాఖ సైకిల్ గ్రూపుల్లో ఒకటే మాట: ఈసారి అరకు ఎప్పుడు? అక్కడ వలిసె పూలు పూసే కాలం, చలి కూడా మొదలవుతుంది. మొన్ననే సైకిల్ కొన్నవాళ్లు సైతం పేరిచ్చేస్తారు. ఇవ్వనీండి, తప్పేం లేదు. కానీ టెన్షనంతా ఎక్కడం గురించే పడతారు. ఎక్కలేకపోతే సైకిల్ దిగి నడవొచ్చు, కాళ్లు నొప్పి పుడతాయి, అంతే. ఆసుపత్రి దాకా తీసుకెళ్లేది ఎక్కువగా దిగుడే.

ముందు దారి సంగతి. విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట (శృంగవరపుకోట) దాకా సుమారు 50 కిలోమీటర్లు చదునుగా ఉంటుంది. చాలామంది రైడ్ చెడిపోయేది ఈ చదునులోనే. తెల్లవారుజాము చల్లదనం, పక్కన పది మంది, ముందున్నవాడి వెనకే పోవాలన్న పట్టుదల. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యేసరికి కాళ్లలో సగం బలం అయిపోతుంది. ఎస్.కోట వరకు పక్కవాళ్లతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగినంత వేగమే మీ వేగం. గ్రూప్ వెళ్లిపోతే వెళ్లనీండి, ఘాట్‌లో ఎలాగూ విడిపోతారు.

అరకు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంటుంది. అయితే రోడ్డు గాలికొండ దగ్గర అంతకన్నా ఎత్తుకు వెళ్లి, అక్కడి నుంచి సుంకరిమెట్ట వైపు దిగుతుంది. అంటే మొదటి పెద్ద దిగుడు తిరుగు ప్రయాణంలో కాదు, వెళ్లేటప్పుడే వస్తుంది. అప్పటికి ఒళ్లు అలసిపోయి, జెర్సీ చెమటకు తడిసి, వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. ‘ఇంకేముంది, అయిపోయింది’ అనుకుని బ్రేకు వేయకుండా సైకిల్‌ను దిగుడులో వదిలేస్తారు. గాలికొండ దగ్గర తప్పకుండా ఆగండి. పల్చని విండ్‌చీటర్ వేసుకుని, ఏదైనా తిని, రెండు బ్రేకులూ ఒకసారి నొక్కి చూసుకున్నాకే దిగండి.

బ్రేకులు మలుపులో కాదు, మలుపుకు ముందే వేయాలి. వేగం తగ్గించుకుని లోపలికి వెళ్లి, మలుపు తిరిగేటప్పుడు వేళ్లు సడలించాలి. వంగి ఉన్న సైకిల్ మీద ముందు బ్రేకు గట్టిగా పడితే చక్రం జారుతుంది, ఇసుక గానీ గులకరాళ్లు గానీ ఉంటే చెప్పనక్కర్లేదు. అలాగని దిగినంతసేపూ బ్రేకు పట్టుకునే ఉండకూడదు. చక్రం అంచును (రిమ్) పట్టే రిమ్ బ్రేకులైతే రిమ్ కాగి ట్యూబ్ పేలవచ్చు. చక్రం మధ్యలోని పళ్లేన్ని పట్టే డిస్క్ బ్రేకులైతే పట్టు తగ్గుతుంది. నొక్కడం, వదలడం, మళ్లీ నొక్కడం, ఇదే పద్ధతి. కార్బన్ రిమ్‌కు రిమ్ బ్రేకులున్న చక్రాలను ఈ రైడ్‌కు ఇంట్లోనే ఉంచండి. ఈ బ్రేకు సాధన అరకు ఘాట్‌లో మొదలుపెట్టేది కాదు. ముందు వారాల్లో తెల్లవారుజామున కైలాసగిరి రోడ్డు మీద ఎక్కి దిగుతూ చేయాలి. రైడ్‌కు వారం ముందే షాపులో బ్రేక్ ప్యాడ్లు, కేబుళ్లు, టైర్లు చూపించండి. ముందురోజు రాత్రి కొత్త ప్యాడ్లు వేయించి పొద్దున్నే బయల్దేరితే అవి సరిగా పట్టవు.

సెలవు రోజుల్లో ఈ రోడ్డు నిండా కార్లు, వ్యాన్లు, పిక్నిక్ బస్సులు. హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే మలుపు) దగ్గర బస్సు తిరగాలంటే దానికి రోడ్డంతా కావాలి, మీ వైపుకు రాక తప్పదు. ఎడమ అంచునే ఉండండి, బస్సు మలుపు తిరిగేదాకా ఆగండి. ఘాట్‌లో ఇద్దరు పక్కపక్కన తొక్కుతూ కబుర్లు చెప్పుకోవడం వద్దే వద్దు. మీ ముందు చక్రం ముందువాడి వెనక చక్రం పక్కకు చేరకూడదు. అతను కొంచెం జరిగినా పడేది మీరే. ఫొటోలకు మలుపులో ఆగకండి, మలుపు దాటి రోడ్డు దిగాక ఆగండి. కోతులున్న చోట జేబులోంచి అరటిపండు తీయకండి, అది మీకు దక్కదు!

తిండీ నీళ్లూ అందరికీ తెలిసిన విషయమే, కానీ చలిలో దాహం తెలియదు. గంటకు అర లీటరు తగ్గకుండా తాగండి. ఒక సీసాలో ఓఆర్‌ఎస్ కలుపుకోండి, ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లతోనే. ఇడ్లీ, అరటిపండు, ఖర్జూరం, పల్లీ చెక్కీ చాలు. బొంగులో చికెన్ వాసన దారి పొడవునా పిలుస్తుంది. అరకు చేరాక తినండి, ఘాట్ మధ్యలో మాత్రం కాదు.

నలభై దాటినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే పేరివ్వండి. ఎక్కేటప్పుడు ఛాతీలో బిగుతుగా అనిపించినా, కళ్లు తిరిగినా అక్కడే ఆగి సైకిల్ దిగిపోండి.

నిర్వాహకుల్ని ముందే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. చివరి సైక్లిస్టు వెనక వ్యాన్ ఉంటుందా? అందులో ఎన్ని సైకిళ్లు పడతాయి? అరకు నుంచి వెనక్కి తొక్కాలా, వాహనంలో తీసుకొస్తారా? తొక్కాలంటే అదే రోజు వద్దు, రాత్రి అక్కడే నిద్రపోయి ఉదయం పొగమంచు విడిపోయాక బయల్దేరండి. మంచులో దిగాల్సి వస్తే ముందూ వెనకా లైట్లు వెలిగించుకోండి. మధ్యాహ్నం మూడు దాటాక ఘాట్‌లో ఉన్నవాళ్లను వ్యాన్ ఎక్కించేయాలని మొదటే తీర్మానించుకుంటే, అప్పటికప్పుడు వాదనలు ఉండవు. శీతాకాలంలో కొండ నీడ పడిందంటే చీకటి తొందరగా కమ్ముతుంది.

కొన్ని చోట్ల ఫోన్ సిగ్నల్ అందదు, అందుకే ఒంటరిగా ఎవరినీ వదలకూడదు. ఎవరైనా పడితే ముందు ఇద్దరు రెండు వైపులా వెళ్లి వచ్చే బండ్లను ఆపాలి. తర్వాతే పడినవాళ్ల సంగతి. మెడ, నడుము నొప్పి అంటే కదపకండి, 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే కిందికి వెళ్తున్న కారులో ఒకరిని పంపండి. తల నేలకు తగిలితే, ‘నాకేం కాలేదు, తొక్కుతాను’ అన్నా సరే సైకిల్ ఇవ్వకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. దెబ్బ తిన్న హెల్మెట్‌కు పగులు కనిపించకపోయినా మళ్లీ వాడకూడదు.