మెనూలో అడగని కామాలు

బెంగళూరు మారతహళ్ళిలో నేనుండే పీజీ ఓనర్‌ది నెల్లూరు. వారం మెనూ ఫోన్‌లో కనపడేలా ఒక పేజీ చేసిపెట్టమంటే జావాస్క్రిప్ట్‌లో చేశాను. మర్నాడు పొద్దున్నే ఫోన్: “ఇడ్లీ కింద ఒక కామా, ఉప్మా కింద ఒక కామా... ఏంది తమ్ముడా ఇది?”

సమస్య: లిస్టులో ఐటెమ్‌కీ ఐటెమ్‌కీ మధ్య కామాలు.

కారణం: ఒక్కో ఐటెమ్‌ని మార్చే మ్యాప్ (map) తిరిగిచ్చేది అర్రే, అంటే విలువల వరస. దాన్ని నేను అలాగే, పేజీలో కనపడేది పెట్టే ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్‌లో (innerHTML) పడేశాను. స్ట్రింగ్ (అక్షరాల ముక్క) ఉండాల్సిన చోట అర్రే వస్తే జావాస్క్రిప్ట్ ఎర్రర్ ఇవ్వదు, తనే కలిపేస్తుంది. మధ్యలో ఏం పెట్టాలో మనం చెప్పలేదు కాబట్టి కామా పెడుతుంది. బ్యాక్‌టిక్ (`) గుర్తుల మధ్య రాసినా ఇదే తంతు.

పరిష్కారం: మ్యాప్ చివర, అర్రేని ఒకే స్ట్రింగ్‌గా కలిపే .జాయిన్('') తగిలించాలి. కోట్స్ తప్పనిసరి. నేను కంగారులో ఖాళీ జాయిన్() రాసి, కామాలు ఇంకా ఎందుకున్నాయా అని అరగంట బ్రౌజర్ క్యాష్ (cache) క్లియర్ చేస్తూ కూర్చున్నాను.

సమస్య: ఐటెమ్‌లని కామాతో ఒకే లైన్‌లో కలిపితే “చపాతీ, , పెరుగు” అని మధ్యలో ఖాళీ.

ఆ రోజు కూర ఏంటో ఓనర్ అన్న ఇంకా తేల్చలేదు, ఆ గడిలో నల్ (విలువ లేదని చెప్పే గుర్తు) ఉంది. నల్, అన్‌డిఫైన్డ్ (ఇంకా విలువ ఇవ్వనిది) రెండూ జాయిన్‌లో ఖాళీ స్ట్రింగ్ అయిపోతాయి, కామాలు మాత్రం ఉండిపోతాయి. జాయిన్‌కి ముందు, ఖాళీ విలువలని తీసేసే .ఫిల్టర్(బూలియన్) పెడితే చాలు. ధరల అర్రేకి మాత్రం ఇది వాడకండి, సున్నాని కూడా తీసిపారేస్తుంది. ఫ్రీగా ఇచ్చే అరటిపండు లెక్కలోంచి మాయమవుతుంది.

సమస్య: “జాయిన్ ఈజ్ నాట్ ఎ ఫంక్షన్” అనే ఎర్రర్.

ఆదివారం బిర్యానీ కావాలని టిక్కు పెట్టినవాళ్ల లిస్టు తీస్తుంటే వచ్చింది. పేజీలోంచి కావాల్సిన బాక్సులన్నీ ఏరే క్వెరీసెలెక్టర్‌ఆల్ ఇచ్చేది నోడ్‌లిస్ట్, అంటే పేజీలోని భాగాల లిస్టు. దానికి లెంగ్త్ ఉంటుంది, ఫర్‌ఈచ్ ఉంటుంది, అందుకే అర్రేనే అనుకుంటాం. జాయిన్ మాత్రం ఉండదు. అర్రే.ఫ్రమ్‌తో అర్రేగా మార్చి, ఒక్కో బాక్స్ వాల్యూ తీసుకుని, అప్పుడు కలపాలి. వాల్యూ తీయడం మర్చిపోతే పేర్ల బదులు “ఆబ్జెక్ట్ హెచ్‌టీఎంఎల్‌ఇన్‌పుట్‌ఎలిమెంట్” అని వరసగా వస్తుంది.

పీహెచ్‌పీ అనే ఇంకో భాషలో రాసేవాళ్లకి ఒక్క మాట: అక్కడ జాయిన్ పని చేసే ఇంప్లోడ్‌లో ముందు సెపరేటర్ (మధ్యలో పెట్టే గుర్తు), తర్వాత అర్రే. పాత కోడ్‌లో తిరగేసి రాసినా నడిచేది. పీహెచ్‌పీ 7.4లో వద్దని హెచ్చరించారు, 8.0 నుంచి నేరుగా టైప్ ఎర్రరే.