వెన్నుపాము దెబ్బ తర్వాత వదలని నొప్పి: అదుపులో పెట్టుకోవడం ఎలా?

స్పర్శే లేని కాళ్లలో నొప్పి ఎలా ఉంటుందని ఇంట్లోవాళ్లే అనుమానంగా చూస్తారు. చింతచెట్టు మీది నుంచో మిద్దె మీది నుంచో పడి నడుము కింద చచ్చుబడినవారు రాత్రిళ్లు పాదాలు మండుతున్నాయంటే అది వేషమూ కాదు, భ్రమా కాదు. దెబ్బతిన్న నరాలు, వెన్నుపాము, మెదడు తమంతట తామే ఆ నొప్పిని పుట్టిస్తాయి. పూర్తిగా పోగొడతామని డబ్బులు అడిగేవారిని నమ్మకండి. తగ్గించుకోవడం మాత్రం చాలామందికి సాధ్యమే.

మొదట అది ఏ నొప్పో తేల్చుకోండి. మంట, సూదులు గుచ్చినట్టు, కరెంటు కొట్టినట్టు ఉంటే నరాల నొప్పి. కదిలిస్తే ఎక్కువై, విశ్రాంతి తీసుకుంటే తగ్గేది కండరాలది, కీళ్లది. కడుపు పట్టేసినట్టుంటే మలబద్ధకమో మూత్రాశయమో కారణం కావచ్చు. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు. నరాల నొప్పికి పారాసిటమాల్, డైక్లోఫెనాక్ పెద్దగా ఉపయోగపడవు. పైగా మందుల షాపులో అడిగి నెలల తరబడి డైక్లోఫెనాక్ మింగితే మూత్రపిండాలకు, కడుపుకు చేటు. మూత్రం మీద పట్టు పోయినవారికి మూత్రపిండాల గండం ముందే ఉంటుంది.

తర్వాత రెండు వారాలపాటు ఒక నోటుపుస్తకంలో రాయండి. పెద్ద రాత అక్కరలేదు. “రాత్రి 2 గంటలు. రెండు అరికాళ్లు మంట. పదికి 8. బ్యాగులో మూత్రం మడ్డిగా ఉంది. విరేచనమై మూడు రోజులు.” ఇంత రాస్తే చాలు, కడపలో అందరూ రిమ్స్ అని పిలిచే సర్వజన ఆసుపత్రికి వెళ్లినా, మరెక్కడికి వెళ్లినా డాక్టరుకు సగం పని తగ్గుతుంది.

పై రాతలోనే ఒక కిటుకు ఉంది. నొప్పి, కాళ్ల బిగుతు ఉన్నట్టుండి పెరిగితే మాత్ర వేసుకునే ముందు ఒళ్లంతా వెతకాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పిరుదుల మీద మొదలవుతున్న పుండు, గోరుచుట్టు, పక్కలో ముడతపడిన దుప్పటి, బిగుతుగా కట్టిన బ్యాగు పట్టీ – ఏదైనా సరే నొప్పిని రాజేస్తుంది. వెనకవైపు చూసుకోవడానికి చేతి అద్దం వాడండి.

వెన్నుపాముకు ఛాతీ మధ్యభాగం ఎత్తులో లేదా అంతకు పైన దెబ్బ తగిలినవారికి హఠాత్తుగా తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబారడం, చెమటలు వస్తే రక్తపోటు ప్రమాదకరంగా పెరుగుతోందని అర్థం. వెంటనే కూర్చోబెట్టి కాళ్లు కిందికి దించండి, బట్టలు వదులు చేయండి, మూత్రం బయటికి పోయే కాథెటర్ గొట్టం మడతపడిందేమో చూడండి. కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయండి.

ఇక మందులు. నరాల నొప్పికి సాధారణంగా ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు కాబట్టి నాలుగు రోజులకే పనిచేయలేదని మానేయకండి. మత్తు, పాదాల వాపు రావచ్చు. అమిట్రిప్టిలిన్‌తో మలబద్ధకం, మూత్రం బిగుసుకోవడం ఎక్కువ కావచ్చు. ఏదీ ఒక్కసారిగా ఆపకూడదు. ఖర్చు భారమైతే జన ఔషధి కేంద్రంలో అడగండి.

భుజాల సంగతికి వస్తే, వీల్‌ఛైర్ వాడేవారికి ఇప్పుడు భుజాలే కాళ్లు. చక్రాన్ని చిన్న చిన్న కుదుపులతో కాక పొడవుగా, నిదానంగా తోయండి. మంచం, కుర్చీ ఒకే ఎత్తులో ఉండేలా చూసుకోండి. రోజూ వాడే వస్తువులను అటక మీది నుంచి దింపించండి. ప్రతి 15 నుంచి 30 నిమిషాలకు ఒకసారి పిరుదుల మీద బరువు తీయాలి. అందుకు చేతుల మీద లేవడం కన్నా ముందుకో పక్కకో వంగి రెండు నిమిషాలు ఆగడం భుజాలకు మేలు.

కాపడం విషయంలో పెద్దవాళ్ల మాట వినకండి. స్పర్శ లేని చోట వేడినీళ్ల సంచి పెడితే చర్మం కాలినా తెలియదు. మే నెల మధ్యాహ్నం ఎండకు కాగిన కడప బండ అరుగు మీద కూర్చోబెట్టినా అంతే. గట్టిగా నూనె మర్దన చేయించడం కూడా వద్దు, కదలిక లేని కాళ్ల ఎముకలు గుల్లబారి సులువుగా విరుగుతాయి. ఫిజియోథెరపిస్టు నేర్పిన సాగదీత చాలు.

నిద్ర లేకపోతే నొప్పి రెట్టింపవుతుంది, దిగులూ అంతే. మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ (14416)లో తెలుగులో ఉచితంగా మాట్లాడవచ్చు.

దెబ్బ తగిలి ఏళ్లు గడిచాక కొత్తరకం నొప్పి మొదలైనా, తిమ్మిరి పైకి పాకుతున్నా, చేతుల్లో పట్టు తగ్గుతున్నా మాత్రలు పెంచుకుంటూ ఇంట్లో కూర్చోకండి. వెన్నుపాములో నీటితిత్తి ఏర్పడిందేమో ఎంఆర్ఐలో చూడాలి, అందుకు న్యూరోసర్జన్‌ను కలవాలి.