అడవిపూలను గుర్తుపట్టడం – 4వ పాఠం: పేరుకు ఊదా, కాడ పచ్చ

పోయిన పాఠంలో జో పై వీడ్ అనే అడవిమొక్క గురించి చెప్పాను. అదే అనుకుని మీరు పంపిన ఫొటోల్లో సగం ఐరన్‌వీడ్ అనే వేరే మొక్కవి. పొరపాటు నాది. 'మనిషెత్తు మొక్క, ఊదా పూలు, తడి నేల' అని రాసి వదిలేశాను. అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఆగస్టులో ఆ గుర్తులు రెండింటికీ సరిపోతాయి. ఐరన్‌వీడ్ పూలు ముదురు ఊదా, జో పై పూలు గులాబీ కలిసిన లేత ఊదా. కానీ ఫొటోలో ఆ తేడాను నమ్మలేం.

అందుకే ముందు ఆకులు చూడండి. ఐరన్‌వీడ్ ఆకులు కాడకు అటొకటి ఇటొకటి వస్తాయి. మన చేలగట్ల మీద పెరిగే సహదేవికి అది చుట్టమే. జో పై వీడ్‌కైతే ఒక్కో కణుపు చుట్టూ మూడో నాలుగో ఆకులుంటాయి. గన్నేరు కొమ్మ గుర్తుంటే చాలు.

ఇక నన్ను బాగా విసిగించే తప్పు. జో పై వీడ్‌లో కొన్ని జాతులున్నాయి. వాటిలో తేమగా ఉండే అడవి నీడలో పెరిగేది స్వీట్ జో పై వీడ్. శాస్త్రీయ నామం యూట్రోకియం పర్ప్యూరియం. పర్ప్యూరియం అంటే ఊదా కదా అని, కాడంతా ఊదాగా ఉన్న మొక్కను చూపించి ఇదే అంటారు. కాదు! దీని కాడ పచ్చగా ఉంటుంది. ఊదా రంగు కణుపుల దగ్గరే, ఉంగరం తొడిగినట్టు కనిపిస్తుంది. కాడ పొడవునా ఊదా ఉండి, దాని మీద ద్రాక్షపండుకు ఉండేలాంటి తెల్లటి పూత ఉంటే అది ఫిస్టులోసం అనే మరో జో పై జాతి. దాని కాడ లోపల బొప్పాయి ఆకు కాడలా బోలు. పర్ప్యూరియం కాడలో బెండు ఉంటుంది, ముదిరాక అడుగున కాస్త బోలుపడొచ్చు. కాడ మీద ఊదా మచ్చలు, పైన చదునైన పూలగుత్తి ఉంటే మాక్యులాటం అనే ఇంకో జాతి.

బోలు చూడాలని కాడ విరవకండి. నేషనల్ పార్కుల్లో మొక్కలు కోయడం నిషేధం. నేనైతే కణుపు చూసి తేల్చేస్తాను. మీ పెరట్లోదైతే ఒక ఆకు నలపండి, పర్ప్యూరియం అయితే వెనీలా వాసన వస్తుంది.

కొందరు పేరులోని 'పై' తినే పదార్థం అనుకున్నారు. జో పై ఒక మనిషి. మసాచుసెట్స్, న్యూయార్క్ ప్రాంతాల్లో బతికిన మొహికన్ నాయకుడు.

అభ్యాసం: జో పై వీడ్‌లో ఒక్క పువ్వులా కనిపించే ప్రతి చిన్న తల నిజానికి కొన్ని చిట్టిపూల గుంపు. భూతద్దం తీసుకెళ్లి పది జో పై మొక్కల్లో, ఒక్కో మొక్కకు ఐదు తలల చొప్పున, ఒక్కో తలలో ఎన్ని చిట్టిపూలున్నాయో లెక్కపెట్టి రాసుకోండి. పర్ప్యూరియంకు నాలుగు నుంచి ఏడు. మాక్యులాటంకు ఎనిమిదీ అంతకు పైనా. లెక్క ఎటూ తేలకపోతే మళ్లీ కణుపు చూడండి.