కారులో తీపి వాసన, కాళ్ల దగ్గర తడి: హీటర్ కాయిల్ సంగతి చూడండి

మన వైపు కారులో హీటర్ ఉందని చాలామందికి అది లీకైన రోజే తెలుస్తుంది. నాకూ అంతే. నాది 1999 మోడల్ కారు, మొన్న వానాకాలంలో ముందు అద్దానికి లోపలి వైపు జిడ్డుపొర కట్టడం మొదలైంది, గుడ్డతో తుడిస్తే మరకలు ఇంకా పరుచుకునేవి తప్ప పోయేవి కావు, బ్లోయర్ వేయగానే పాకం మాడినట్టు ఒక తీపి వాసన. ఏసీలో ఏదో చచ్చిందనుకుని రెండు వారాలు పెర్‌ఫ్యూమ్ కొట్టాను, నవ్వకండి.

ఎడమ సీటు ముందు మ్యాటు తడి

ముందు తెల్ల టిష్యూ పేపర్ పెట్టి గట్టిగా నొక్కండి. తేటగా, వాసన లేకుండా ఉంటే అది ఏసీ నీళ్లే, డ్రెయిన్ పైపు మూసుకుపోయి లోపలికి వస్తున్నాయి. పైపు శుభ్రం చేస్తే సరి, పెద్ద ఖర్చు కాదు. పచ్చగానో ఎర్రగానో రంగు అంటి, వేళ్లకు జిగురుగా తగిలితే అది కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), అంటే డ్యాష్‌బోర్డు వెనక, ఆ వేడి ద్రవంతో గాలిని వేడిచేసే హీటర్ కాయిల్ కారుతోంది. అయితే రేడియేటర్లో ఇన్నాళ్లూ ఉత్త నీళ్లే ఉంటే రంగూ వాసనా ఉండవు, అప్పుడు నీటి మట్టం తగ్గుతోందా లేదా అన్నదే గుర్తు.

నీళ్లు తగ్గుతున్నాయి, కారు కింద చుక్క లేదు

కాయిల్ కావచ్చు, హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగం కింద ఉండే సీలు) కూడా కావచ్చు. సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే రెండోదాన్ని అనుమానించండి. ఊహల మీద డ్యాష్‌బోర్డు విప్పించొద్దు, రేడియేటర్‌కి ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడి పెట్టి లీకు ఉందేమో చూడడం) చేయించండి.

హీటర్ వేసినా చల్లగాలే

ఇంజన్ వేడెక్కి, హీటర్ ఫుల్‌లో ఉండగా, ఫైర్‌వాల్‌లోకి (ఇంజన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) వెళ్లే రెండు రబ్బరు పైపుల్ని జాగ్రత్తగా తాకి చూడండి. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే కాయిల్ పూడిపోయింది, లేదా హీటర్ కాక్ (కాయిల్‌లోకి వేడినీళ్లు వదిలే కుళాయి) తెరుచుకోవట్లేదు. రెండూ చల్లగా ఉంటే నీళ్లు తక్కువ, లేదా థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) చెడింది. రెండూ వేడిగా ఉంటే కాయిల్‌ది తప్పు కాదు, లోపల గాలిని మళ్లించే తలుపు ఇరుక్కుంది. మన ఎండలకి పనికొచ్చేది ఇంకోటి: కాక్ పూర్తిగా మూసుకోకపోతే ఏసీ గాలి వేడి కాయిల్ మీదుగా వచ్చి చల్లగా ఉండదు, మనమేమో ఏసీ గ్యాస్ నింపించుకుంటూ ఉంటాం.

అసలు ఎందుకు పోతుంది

బోరు నీళ్లు. ఇంట్లో గీజర్ రాడ్‌కి పట్టే తెల్లటి సున్నమే ఇక్కడా పడుతుంది, కాయిల్ గొట్టాలు సన్నవి కాబట్టి ముందు అవే పూడతాయి, పైగా తుప్పు. దానికి తోడు లీకు ఆగుతుందని రేడియేటర్లో పసుపు పోసేవాళ్లున్నారు. నా కాయిల్ బయటికి తీస్తే లోపల పసుపు బురద, పాత ఓనర్ చలవ.

ఏం చేయాలి

హీటర్ అక్కర్లేదనుకుంటే రెండు పైపుల్నీ ఒకదానికొకటి కలిపేసి కాయిల్‌ని బైపాస్ చేయొచ్చు. చివర్లకి బిరడాలు మాత్రం కొట్టొద్దు, కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు నీళ్లు తిరిగే దారి అదే. వానల్లో అద్దం మసకబారితే వేడిగాలి లేక ఇబ్బందే, కాబట్టి దీన్ని శాశ్వతం చేసుకోకండి.

మార్చాలంటే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట షాపులో "హీటర్ కాయిల్" అని అడగండి, ఏసీది "కూలింగ్ కాయిల్", రెండూ వేరు. కొన్ని కార్లలో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, అప్పుడు గ్యాస్ తీయించి మళ్లీ నింపించాలి. విప్పేటప్పుడు ప్రతి వైరుకీ, స్క్రూకీ ఫొటో తీసుకోండి. పైపులు, క్లాంపులు కూడా కొత్తవి వేయించండి. కాయిల్ చుట్టూ ఉండే స్పాంజి పట్టీ మర్చిపోతే గాలి పక్కనుంచి జారిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, డ్యాష్‌బోర్డు బిగించక ముందే నీళ్లు పోసి ప్రెషర్ చూడమనండి. మెకానిక్ విసుక్కుంటాడు, విసుక్కోనీ.

ఏ కూలెంట్

రంగు చూసి కొనకండి, అది కలిపిన రంగే. మాన్యువల్లో ఏది రాశారో చూసి, డబ్బా మీద జేఐఎస్ కె 2234 (కూలెంట్‌కి జపాన్ ప్రమాణం) లాంటి ప్రమాణం ఉందా చూడండి. రాగి, ఇత్తడితో చేసి టంకం వేసిన పాత రేడియేటర్‌కి పాతరకం సిలికేట్ కూలెంటే నయం, రెండేళ్లకోసారి మార్చాలి. లాంగ్ లైఫ్ ఆర్గానిక్ రకం ఐదేళ్ల దాకా వస్తుంది. రెండూ కలపొద్దు, లోపల ఏముందో తెలియకపోతే తేట నీళ్లు వచ్చేదాకా ఫ్లష్ చేయించండి. గాఢంగా ఉండే రకమైతే బ్యాటరీ వాటర్‌తో సగం సగం కలపండి, రెడీ టు యూజ్ అయితే నీళ్లు అక్కర్లేదు. "మనకు గడ్డకట్టే చలి లేదుగా, నీళ్లు చాలు" అంటారు, కానీ ఇక్కడ దాని పని తుప్పు ఆపడం, నీళ్లు తొందరగా మరగకుండా చూడడం.

నింపేటప్పుడు కారు ముందు భాగం కాస్త ఎత్తులో పెట్టి, చల్లటి ఇంజన్ మీద మూత తీసి, హీటర్ ఫుల్‌లో ఉంచి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగేదాకా పోస్తూ ఉండండి. డ్యాష్‌బోర్డు వెనక గుడగుడమంటే లోపల ఇంకా గాలి ఉన్నట్టే. తీసేసిన కూలెంట్‌ని వీధిలో పారబోయొద్దు, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగి చచ్చిపోతాయి. వారం పాటు రోజూ పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగా, మట్టం చూస్తూ ఉండండి.