వైబ్రేషన్ ప్లేట్ ఎక్కే ముందు పెద్దవాళ్ల విషయంలో జాగ్రత్తలు

వైబ్రేషన్ ప్లేట్ అంటే పైన నిలబడితే కాళ్ల కింద అదురుతూ ఉండే పలక లాంటి వ్యాయామ యంత్రం. పాలకొల్లులో మా మామ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్తూ తెలుసుకున్నవి ఇవి.

• పేస్‌మేకర్, కాళ్ల రక్తనాళాల్లో గడ్డ, ఈమధ్య విరిగిన ఎముక, మార్పించిన మోకీలు, శుక్లాల ఆపరేషన్, కిడ్నీలో రాళ్లు, మూర్ఛ... వీటిలో ఏదున్నా డాక్టరు సరే అనేదాకా ఎక్కించొద్దు. పాత సంగతే కదా అని దాచొద్దు.

• మోకాళ్లు కొంచెం వంచి నిలబడాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. కాళ్లు బిర్రుగా పెడితే అదురు నడుం మీదుగా తలకి ఎక్కుతుంది. మొదటిరోజు మామ్మ అలాగే నిలబడింది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి, కళ్లజోడు ముక్కు చివరికి జారింది. మోకాళ్లు వంచగానే అదురు చాలామటుకు తొడల దగ్గరే ఆగిపోయింది.

• మన గోదావరి ఉక్కకి అరికాళ్లు చెమట పడతాయి. తువ్వాలుతో తుడిచాకే ఎక్కించండి. చీర కుచ్చిళ్లు, పంచె అంచు పైకి దోపాలి.

• మొదట్లో తక్కువ స్పీడు, 30 సెకన్లు, తర్వాత ఒక నిమిషం విశ్రాంతి. చేతులు రాడ్ మీదే ఉండాలి.

• పక్కన మనిషి తప్పనిసరి.

• కళ్లు తిరిగినా, నొప్పి వచ్చినా వెంటనే ఆపేయండి. దిగాక కుర్చీలో కూర్చోబెట్టండి. అరికాళ్లు ఇంకా జిల్లుమంటున్నప్పుడు నడిపిస్తే తూలిపోతారు.